బెంజీన్ విషమంటారు, మరి ఇన్ని మందుల్లో ఆ వలయమే ఎందుకుంది?

కావలి_కోడలు
అందరికీ నమస్కారం. మా పాపకి పదిహేడేళ్లు, మొహం నిండా మొటిమలు. స్కిన్ డాక్టరు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ రాశారు. రాత్రిపూట రాసుకుంటోంది, కాస్త తగ్గుముఖం పట్టింది కూడా. నిన్న కాలేజీలో ఎవరో "అందులో బెంజీన్ ఉంటుంది, బ్లడ్ క్యాన్సర్ వస్తుంది" అన్నారట. అప్పట్నుంచి ట్యూబు ముట్టుకోవడం లేదు. ఇంట్లో మందుల డబ్బా తీసి చూస్తే దగ్గు సిరప్‌లో సోడియం బెంజోయేట్, గజ్జి లోషన్ మీద బెంజైల్ బెంజోయేట్. అన్నీ దాని చుట్టాలేనేమో అని నాకూ టెన్షన్ పట్టుకుంది. ఇవన్నీ ఒకటేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కెమిస్ట్రీ_మాస్టారు
అమ్మా, ఒకటి కావు. చుట్టరికం మాత్రం నిజమే.

బెంజీన్ అంటే ఆరు కార్బన్లు వలయంగా కూర్చుని, ఒక్కోదానికి ఒక్కో హైడ్రోజన్ తగిలించుకున్న పదార్థం. 1825లో మైకేల్ ఫారడే లండన్‌లో దీపాల గ్యాసు సిలిండర్ల అడుగున చేరిన నూనెలోంచి దీన్ని విడదీశారు. దాని ఆకారం తేలడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 1865లో కెకూలే వలయాన్ని ప్రతిపాదించారు. 1929లో కాథ్లీన్ లాన్స్‌డేల్ ఎక్స్‌రేలతో ఆ వలయం బల్లపరుపుగా ఉంటుందని తేల్చారు. అందులోని ఆరు బంధాల పొడవూ ఒకటే. ఎలక్ట్రాన్లు వలయమంతా పరుచుకుని ఉంటాయి, అందుకే అది ఓ పట్టాన విరగదు. మందులు తయారుచేసేవాళ్లకు కావలసింది ఆ గట్టిదనమే. వలయం చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని అంచున ఏ గుంపు కావాలంటే అది తగిలించుకోవచ్చు.

ఇక విషం సంగతి. ఒట్టి బెంజీన్ ఒంట్లోకి వెళ్తే కాలేయం దాన్ని మూత్రంలో పంపేయాలని చూస్తుంది. నీళ్లలో కరిగితే తప్ప బయటికి పోదు. పట్టుకోవడానికి ఏ గుంపూ లేదు కాబట్టి ఎంజైము నేరుగా వలయం మీదే ఆక్సిజన్ ఎక్కిస్తుంది. బెంజీన్ ఆక్సైడ్, ఫినాల్, హైడ్రోక్వినోన్ ఇలా వరసగా తయారవుతాయి. ఇవి ఎముక మూలుగలోకి చేరాక అక్కడి ఎంజైములు వాటిని క్వినోన్లుగా మారుస్తాయి. రక్తకణాలు పుట్టే చోటే దెబ్బ పడుతుంది. ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, భయం అక్కడిది.

ఇప్పుడు టాలీన్ చూడండి. అదే వలయం, పక్కన ఒక మీథైల్ గుంపు. కాలేయానికి అది గిన్నెకున్న పిడిలా దొరుకుతుంది. వలయం జోలికి పెద్దగా పోకుండా ఆ పిడినే ఆక్సీకరించి బెంజోయిక్ ఆమ్లం చేస్తుంది, దానికి గ్లైసీన్ తగిలించి హిప్యూరిక్ ఆమ్లంగా మూత్రంలో పంపేస్తుంది. బెంజోయిక్ ఆమ్లం ఇలా హిప్యూరిక్ ఆమ్లంగా మారుతుందని 1842 నాటికే తెలుసు. మీ సిరప్‌లోని సోడియం బెంజోయేట్ పోయేదీ ఈ దారినే.

ఫార్మసీ_అక్క_తెనాలి
మాస్టారు చెప్పింది సిరప్‌కి సరిపోయింది, జెల్ సంగతి నేను చెప్తాను. కావలి_కోడలు గారూ, పాప విన్న మాట పూర్తిగా గాలి కబురు కాదు, అందుకే అసలు సంగతి తెలియాలి.

బెంజాయిల్ పెరాక్సైడ్ చర్మం మీద బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ క్రమంలో విడుదలయ్యే ఆక్సిజన్ రాడికల్స్ మొటిమల బాక్టీరియాని చంపుతాయి. అది ఎప్పట్నుంచో తెలిసిన పని. కానీ వేడి తగిలితే ఇది కొద్దికొద్దిగా విరిగి బెంజీన్ పుడుతుంది. 2024లో అమెరికాలో ఒక ప్రైవేటు ల్యాబు ఈ విషయం బయటపెట్టింది. తర్వాత అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులు పరీక్షించి 2025 మార్చిలో ఫలితాలు చెప్పింది. తొంభై శాతానికి పైగా వాటిలో బెంజీన్ లేదు, లేదా లెక్కలోకి రానంత తక్కువ. మిగిలిన కొన్నిటిని దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు.

కాబట్టి ట్యూబు ఎండ తగిలే కిటికీలో, స్కూటీ డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు. మన ఎండాకాలంలో ఆగి ఉన్న కారు లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. గది చల్లగా లేకపోతే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోండి, గడ్డకట్టే చోట కాదు. తేదీ దాటిన ట్యూబు పారేయండి. పాపని మానేయమనకండి. మళ్లీ మొదలుపెట్టేముందు డాక్టరు గారితో ఒక మాట అనండి చాలు.

ఇంకో సంగతి. మాస్టారు చెప్పిన హిప్యూరిక్ దారి నెలల లోపు పిల్లల్లో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన వాళ్లలో, సరిగ్గా పనిచేయదు. ఇంజెక్షన్లు పాడవకుండా కలిపే బెంజైల్ ఆల్కహాల్ వల్ల 1980ల మొదట్లో అమెరికాలో కొందరు పసికందులు ఊపిరందక చనిపోయారు. ఒంట్లో బెంజోయిక్ ఆమ్లం పేరుకుపోవడమే కారణం. పెద్దవాళ్లకి మామూలైన పదార్థం పసివాళ్లకి ప్రాణాంతకమైంది. అందుకే నవజాత శిశువుల వార్డుల్లో ఆ ప్రిజర్వేటివ్ లేని ఇంజెక్షన్లు వాడతారు.

కావలి_కోడలు
అక్కా, చాలా థాంక్స్. ట్యూబు ఇన్నాళ్లూ పాప కిటికీ పక్కనే పెడుతోంది. ఇవాళే లోపలికి మారుస్తాను, డాక్టరు గారితోనూ మాట్లాడతాను. గజ్జి లోషన్ సంగతి?

ఫార్మసీ_అక్క_తెనాలి
బెంజైల్ బెంజోయేట్ 25 శాతం లోషన్ పాతకాలం నుంచీ ఉన్నదే. మంట పుడుతుంది, కళ్లలో పడకూడదు, పసిపిల్లలకి డాక్టరు చెప్పకుండా రాయకూడదు. ఇప్పుడు ఎక్కువగా పెర్మెత్రిన్ క్రీమే రాస్తున్నారు. గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అని రాసి ఉన్న పాత సీసా మాత్రం ఇంట్లో ఉంటే వాడొద్దు, అది వేరే పదార్థం. మూర్ఛలు రావడం దాకా వెళ్లిన కేసులున్నాయి.

పల్నాటి_రైతు
గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అంటే గమాక్సిన్ పొడే కదండీ? మా చిన్నప్పుడు చీమలకి, నల్లులకి, చివరికి కోళ్లకి పట్టిన పేలకి కూడా అదే చల్లేవారు. ధాన్యం గాదెల చుట్టూ కూడా. చేతులతోనే.

కెమిస్ట్రీ_మాస్టారు
అదే. బెంజీన్‌లోకి క్లోరిన్ పంపి ఎండ తగిలిస్తే తయారవుతుంది. ఫారడే 1825లోనే చేశారు, కానీ పురుగుల్ని చంపుతుందని గుర్తించింది 1940లలో. పేరులో బెంజీన్ ఉన్నా అందులో బెంజీన్ వలయం మిగలదు. క్లోరిన్లు చేరడంతో ఎలక్ట్రాన్ల ఆ పరుపు పోయి మామూలు సైక్లోహెక్సేన్ వలయం అయిపోతుంది. తయారయ్యే మిశ్రమంలో పురుగుని చంపేది గామా రూపం, అదీ పదీ పదిహేను శాతం. మిగతాదంతా నేలలో, కొవ్వులో ఏళ్ల తరబడి ఉండిపోయే చెత్త. మన దేశంలో ఈ మిశ్రమాన్ని, అంటే బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. లిండేన్ అని పిలిచే ఆ గామా రూపం 2009లో, ఇలాంటి విడవని విషాల్ని కట్టడి చేసే స్టాక్‌హోం ఒప్పందం జాబితాకెక్కింది.

ఆకు_పసరు
ఇంత భయపడుతూ ఈ కెమికల్స్ వాడటం దేనికి? పంటినొప్పికి లవంగం, కడుపునొప్పికి వాము, దెబ్బకి పసుపు. మన పెద్దలు బతకలేదా?

కెమిస్ట్రీ_మాస్టారు
లవంగంలో పనిచేసేది యూజినాల్. వాములో థైమాల్. పసుపులో కర్కుమిన్. గుంటూరు మిరపకాయ మంట క్యాప్సైసిన్. నాలుగింటిలోనూ బెంజీన్ వలయం ఉంది. మొక్కలు ఎప్పట్నుంచో తయారుచేసుకుంటున్నాయి. ఇంకా దగ్గరికొస్తే మన ఒంట్లోని అడ్రినలిన్‌లోనూ, తిండిలోని ఫినైల్ అలనీన్‌లోనూ ఉంది. పంటి డాక్టరు జింక్ ఆక్సైడ్‌తో కలిపి పెట్టే తాత్కాలిక సిమెంటులో ఉన్నది లవంగ నూనెలోని ఆ యూజినాలే. మీ చిట్కాలు మానమనడం లేదు. చెట్టు నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది చూసి మంచిచెడ్డలు తేల్చలేం. ఆ వలయానికి ఏమి తగిలించి ఉంది, ఎంత మోతాదు, ఎవరి ఒంట్లోకి వెళ్తోంది, ఈ మూడూ చూడాలి.

జీడిమెట్ల_బల్క్‌డ్రగ్
బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను. మా వైపు నుంచి కొంచెం.

మందులో బెంజీన్ మిగిలిందేమో అని ప్రతి బ్యాచ్‌కీ చూస్తాం. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో బెంజీన్ మొదటి తరగతి ద్రావణి, అంటే వీలైనంతవరకు వాడనే కూడదు, తప్పనిసరైతే పరిమితి 2 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో రెండు. టాలీన్‌కి 890, జైలీన్‌కి 2170. ఈ తేడా వెనక ఉన్నది పైన మాస్టారు చెప్పిన కాలేయం కథే. మేం బెంజీన్ వాడకపోయినా టాలీన్‌లో మలినంగా రావచ్చు, అందుకే కొన్న డ్రమ్ముని కూడా గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద పెట్టి చూస్తాం.

పారాసిటమాల్ దాకా బెంజీన్ ఎలా వస్తుందో చెప్తాను. బెంజీన్‌ని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో నైట్రోబెంజీన్ చేస్తారు. దాన్ని ఆమ్లంలో, ప్లాటినం ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ పంపి పారా అమైనోఫినాల్ చేస్తారు. దీన్ని ఇక్కడ అందరూ పీఏపీ అంటారు. దానికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపితే పారాసిటమాల్. చివరి మెట్టు మన హైదరాబాద్ చుట్టుపక్కల టన్నులకొద్దీ జరుగుతుంది, పీఏపీ మాత్రం చాలాకాలం చైనా నుంచే తెచ్చుకున్నాం. 2020 మార్చిలో కోవిడ్ మొదలవగానే కేంద్రం పారాసిటమాల్ ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. తర్వాత పీఏపీని ఇక్కడే తయారుచేసేవాళ్లకి ప్రోత్సాహకాల జాబితాలో చేర్చారు. మందు ఎక్కడ తయారవుతుందని అడిగేవాళ్లు ముందు పీఏపీ లాంటి మధ్య మెట్టు పదార్థం ఎక్కడిదో అడగాలని నా గట్టి నమ్మకం.

ఎంబీబీఎస్_ఫైనల్ఇయర్
అన్నా, ఆ పారాసిటమాల్ పుట్టుకే ఒక కథ. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇద్దరు డాక్టర్లు ఒక రోగికి నాఫ్తలీన్ ఇద్దామనుకున్నారు. మందుల షాపు పొరపాటున ఎసిటనిలైడ్ ఇచ్చింది. కడుపులో పురుగులు పోలేదు కానీ జ్వరం దిగింది. అలా ఎసిటనిలైడ్ జ్వరం మందైంది. కానీ కొందరు రోగులు నీలంగా మారేవారు, ఎందుకంటే ఒంట్లో కొంత భాగం అనిలీన్‌గా మారి హీమోగ్లోబిన్‌ని పాడుచేసేది. 1948లో బ్రోడీ, యాక్సెల్‌రాడ్ తేల్చిందేమిటంటే జ్వరం తగ్గించేది ఎసిటనిలైడ్ కాదు, అది ఒంట్లో మారగా వచ్చే పారాసిటమాల్. అంటే నేరుగా అదే ఇస్తే నీలంగా మారే బెడద ఉండదు. వలయం అదే, అంచున ఒక్క హైడ్రాక్సిల్ గుంపు తేడా.

అలాగని ఎంతైనా మింగొచ్చని కాదు. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, కాలేయం బాగాలేనివాళ్లకి, మద్యం తాగేవాళ్లకి ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, లెక్కలో కలుపుకోవాలి. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు, రక్తస్రావం అవుతుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మూడూ బెంజీన్ పిల్లలే, కానీ డెంగీలో వాడదగ్గది ఒక్కటే.

భీమవరం_బుల్లోడు
మా ఊరి వాడి పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన చేసిన ఫోలిక్ ఆమ్లం పని బెంజీన్ వలయంతో ముడిపడి ఉందని విన్నాను. ఎవరైనా చెప్తారా?

ఎంబీబీఎస్_ఫైనల్ఇయర్
నేను చెప్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

ఫోలిక్ ఆమ్లం మూడు ముక్కలు. ఒక చివర టెరిడిన్, ఒక చివర గ్లుటామిక్ ఆమ్లం, మధ్యలో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం. ఆ మధ్య ముక్కే బెంజీన్ వలయం. బాక్టీరియా ఫోలిక్ ఆమ్లాన్ని సొంతంగా చేసుకుంటుంది, మనం తిండిలోంచి తీసుకుంటాం. 1930లలో జర్మనీలో డొమాక్ ప్రాంటోసిల్ అనే ఎర్ర రంగుతో బాక్టీరియా జబ్బుల్ని తగ్గించారు. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌ వాళ్లు 1935లో ఆ రంగు ఒంట్లో విరిగి సల్ఫనిలమైడ్ వస్తోందని, పనిచేసేది అదేనని చూపారు. సల్ఫనిలమైడ్ చూడటానికి అచ్చం ఆ మధ్య ముక్కలాగే ఉంటుంది. బాక్టీరియా దాన్నే ముక్క అనుకుని పట్టుకుని ఫోలిక్ ఆమ్లం చేసుకోలేక ఆగిపోతుంది. మనం చేసుకునేదే లేదు కాబట్టి మనకి ఆ దెబ్బ తగలదు.

సుబ్బారావు గారి సోదరులు తిన్నది ఒంటపట్టని స్ప్రూ వ్యాధితో పోయారు. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత అదే అణువుని కొద్దిగా మార్చి, కణాన్ని ఏమార్చే అమైనోప్టెరిన్ చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకిచ్చారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తాత్కాలికంగానే అయినా జబ్బు వెనక్కి తగ్గింది. అదే సంవత్సరం సుబ్బారావు గారు పోయారు. అమైనోప్టెరిన్‌కి తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ల్యుకేమియాకి, కీళ్లవాతానికి వాడుతున్నారు. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుని ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లున్నారు, ఇంట్లో ఎవరికైనా రాసి ఉంటే చీటీ మళ్లీ చదవండి.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. 1912లో బుడాపెస్ట్‌లో కొరాన్యి అనే డాక్టరు ల్యుకేమియాకి ఒట్టి బెంజీన్‌నే మందుగా ఇచ్చారు. తెల్లకణాలు తగ్గాయి, ఎందుకంటే అది మూలుగనే చంపుతుంది. అదే బెంజీన్ ల్యుకేమియా తెప్పిస్తుందని తర్వాతి దశాబ్దాల్లో తేలింది. 1970లలో ఇస్తాంబుల్‌లో బెంజీన్ జిగురుతో చెప్పులు కుట్టేవాళ్లలో వరసగా కేసులు బయటపడ్డాయి.

భీమవరం_బుల్లోడు
గుండె నిండిపోయింది తమ్ముడూ. మా స్కూల్లో ఆయన ఫొటో ఉండేది, ఏం చేశారో మాత్రం ఎవరూ ఇలా చెప్పలేదు.

పెడన_అద్దకం
ఫ్యాక్టరీ రంగుల గురించి కూడా ఒక మాట. మా తాతల కాలానికి ముందు బందరు వైపు ఎరుపు చిరివేరు నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు లండన్‌లో అనిలీన్‌తో ఊదా రంగు చేశాడు. 1868లో బొగ్గు తారులోని ఆంత్రసీన్ నుంచి చిరివేరు ఎరుపైన ఎలిజరిన్ వచ్చింది, 1897లో ఫ్యాక్టరీ నీలం బజారులోకి దిగింది. చిరివేరు తవ్వేవాళ్లు, కడప వైపు నీలిమందు రైతులు దాంతో దెబ్బతిన్నారు. ఇప్పుడు మేం ఎరుపుకి ఎలిజరినే వాడతాం. బట్ట బాగుంటుంది, రంగు నిలుస్తుంది, కాదనను. బెంజిడీన్ రంగులు మాత్రం ముట్టుకోవద్దు, ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకి మూత్రాశయ క్యాన్సర్లు వచ్చాయి.

గోపాలపట్నం_వాసి
మందుల గురించి అందరూ బాగా చెప్పారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం ఫ్యాక్టరీలో లీకైన స్టైరీన్ కూడా ఈ కుటుంబమే కదా? మా వీధి వాళ్లు ఇప్పటికీ "మాకు బ్లడ్ క్యాన్సర్ వస్తుందా" అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు.

కెమిస్ట్రీ_మాస్టారు
బాబూ, ఆ రోజు పన్నెండు మంది పోయారు. ఆ బాధ ముందు రసాయనశాస్త్రం చెప్పడం కష్టమే, అయినా అడిగారు కాబట్టి చెప్తాను.

స్టైరీన్ అంటే బెంజీన్ వలయానికి వినైల్ గుంపు తగిలింది. ప్రపంచంలో తయారయ్యే బెంజీన్‌లో దాదాపు సగం దీనికే పోతుంది. దాన్నుంచి వచ్చేదే థర్మకోల్, పెన్నుల, డబ్బాల ప్లాస్టిక్. ద్రవంగా నిలవ ఉంచితే తనకు తానే గొలుసుగా కలుస్తూ వేడి పుట్టిస్తుంది, వేడి పెరిగితే ఇంకా వేగంగా కలుస్తుంది. అది ఆపడానికి టెర్షియరీ బ్యుటైల్ కాటెకాల్ అనే పదార్థం కలిపి చల్లగా ఉంచాలి. లాక్‌డౌన్‌లో ట్యాంకు కదలకుండా ఉండిపోయింది, పైభాగం వేడెక్కింది, ఆవిరి బయటికి తన్నింది. గాలికన్నా బరువైంది కాబట్టి నేల మీదుగా పాకి, నిద్రలో ఉన్నవాళ్లని చుట్టేసింది.

మీ వీధివాళ్ల ప్రశ్నకి: ఒంట్లో స్టైరీన్ బెంజీన్‌గా మారదు. పక్కనున్న గుంపు మీద మార్పు జరిగి మాండెలిక్ ఆమ్లంగా మూత్రంలో పోతుంది. మధ్యలో వచ్చే స్టైరీన్ ఆక్సైడ్ మంచిది కాదు, అందుకే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్టైరీన్‌ని "బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో పెట్టింది. బెంజీన్ ఉన్న "నిశ్చయంగా" వర్గం కాదు. ఆ అంచనాలు ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల్లో పీల్చినవాళ్లను చూసి వేసినవి. ఆ రోజు స్పృహ తప్పినవాళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఏటా పరీక్ష చేయించుకునే హక్కు గలవాళ్లని నా అభిప్రాయం. అది అడిగి తీసుకోవాలి.

హ్యూస్టన్_తెలుగు
2019 మార్చిలో ఇక్కడ డీర్ పార్క్‌లో పెట్రోకెమికల్ ట్యాంకులు రోజుల తరబడి తగలబడ్డాయి. మంట ఆరాక బెంజీన్ పెరిగింది. తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండమన్నారు, స్కూళ్లు మూసేశారు. గాలిలో ఎంత ఉందో ఎప్పటికప్పుడు కొలిచారు. గోపాలపట్నం గారూ, ఫ్యాక్టరీ కంచె దగ్గర కొలత పరికరాలుండాలన్నది మన వైపు కూడా గట్టిగా అడగాల్సిన విషయం.

పటాన్‌చెరు_పక్కఊరు
జీడిమెట్ల అన్నా, ప్రతి బ్యాచ్‌లో 2 పీపీఎం చూస్తామన్నారు. సంతోషం. ఆ లెక్క మందు మింగేవాడి కోసం. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే నక్కవాగు పక్కన బతికేవాడి కోసం ఎవరు చూశారు? కాలుష్యం మీద మావాళ్ల కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని రాశారు. జబ్బు చేసి మందు మింగినవాడి రక్తంలో కన్నా ఎక్కువ.

జీడిమెట్ల_బల్క్‌డ్రగ్
మీ మాట కాదనడానికి లేదు. ల్యాబులో మేం పడే శ్రద్ధ గేటు అవతలికి కూడా వెళ్లాలి. పద్ధతి మారిస్తే వ్యర్థం ఎంత తగ్గుతుందో ఐబుప్రొఫెన్ చెప్తుంది. ఐసోబ్యుటైల్ బెంజీన్ నుంచి మొదట్లో ఆరు మెట్లలో చేసేవారు, వాడిన పదార్థాల బరువులో నలభై శాతమే మందులోకి వెళ్లేది. తర్వాత వచ్చిన మూడు మెట్ల పద్ధతిలో అది 77 శాతం. చేయగలమని తెలిసిన పని ఇది. చేయించడానికి గట్టి తనిఖీ కావాలి, మీలాంటివాళ్ల ఒత్తిడీ కావాలి.

కొత్త_సభ్యుడు_మల్కాపురం
ఆలస్యంగా చదివాను. మా తమ్ముడు కాంట్రాక్టరు కింద పెట్రోలు ట్యాంకులు కడిగే పనిలో చేరాడు. బట్ట మాస్కు ఇచ్చారంతే. పని అయ్యాక చేతులు పెట్రోలుతోనే కడుక్కుంటాడు. పెట్రోల్లో బెంజీన్ ఉంటుందా? ఏ పరీక్ష చేయించాలి?

హ్యూస్టన్_తెలుగు
ఉంటుంది తమ్ముడూ. ఇండియాలో ఇప్పుడు గరిష్ఠంగా 1 శాతం. బహిరంగంగా పంపు దగ్గర నిలబడ్డవాడికీ ట్యాంకు లోపల దిగినవాడికీ చాలా తేడా. ఇక్కడ ఎనిమిది గంటల సగటు పరిమితి 1 పీపీఎం, పదిహేను నిమిషాలకి 5. మూసిన ట్యాంకులో ఇవి సులువుగా దాటిపోతాయి. బట్ట మాస్కు ఆవిరిని ఆపదు. లోపలికి దిగాలంటే బయటి నుంచి గాలి అందే మాస్కు, నడుముకి తాడు, పైన ఒక మనిషి ఉండాలి, దిగేముందు లోపలి గాలి కొలవాలి. ఇవి లేకుండా దిగొద్దని ఇవాళే చెప్పండి. చేతులకి సబ్బూ నీళ్లే వాడాలి, బెంజీన్ చర్మంలోంచి కూడా వెళ్తుంది.

ఎంబీబీఎస్_ఫైనల్ఇయర్
పరీక్షల సంగతి. ముందు సీబీసీ, అంటే పూర్తి రక్తకణాల లెక్క. ఏ ల్యాబులోనైనా చేస్తారు. పనిలో ఉన్నన్నాళ్లూ క్రమం తప్పకుండా చేయించాలి, పాత రిపోర్టులు పారేయకూడదు. ఒక్క రిపోర్టు కన్నా అంకెలు క్రమంగా పడిపోతున్నాయా అన్నదే ముఖ్యం. ఇటీవల ఎంత పీల్చాడో తెలియాలంటే షిఫ్టు చివర మూత్రంలో మ్యుకోనిక్ ఆమ్లం చూస్తారు. సోర్బేట్ ప్రిజర్వేటివ్ ఉన్న తిండి తింటే కూడా అది పెరుగుతుంది, కాబట్టి ఫినైల్ మెర్కాప్ట్యూరిక్ ఆమ్లం పరీక్ష ఇంకా నమ్మదగ్గది. ఇవి పెద్ద ల్యాబుల్లోనే ఉంటాయి. నీరసం, చిగుళ్ల నుంచి రక్తం, ఊరికే కమిలిన మచ్చలు, విడవని జ్వరం ఉంటే ఆగకుండా విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లి, ఏ పని చేస్తాడో డాక్టరుకి ముందే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఎవరూ బెంజీన్ గురించి ఆలోచించరు.

కొత్త_సభ్యుడు_మల్కాపురం
రేపు ఉదయమే సీబీసీ చేయిస్తాను. పనిలో చేరేటప్పుడు మెడికల్ ఫిట్‌నెస్‌కి తీసిన రిపోర్టు ఒకటుంది, అది కూడా తెప్పిస్తాను. రెండూ ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి.